నలుగురి చేతి చీర

మొన్న ఆదివారం భోజనాలయ్యాక బీరువా కింది అరలోంచి ఆ చీర తీసి, మంచం మీద ఉతికిన పాత దుప్పటి పరిచి, దాని మీద విప్పాను. పట్టుచీరను ఒకే మడతలో ఏళ్ళ తరబడి పెట్టేస్తే మడత పడిన చోటే చీలిపోతుందని నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని ఏటా శ్రావణం రాకముందే దాన్ని విప్పి, కాసేపు గాలి తగలనిచ్చి, నిరుటి మడతల మీద పడకుండా కొత్తగా మడిచి మళ్ళీ లోపల పెడతాను. ఈ పని జరుగుతున్నంతసేపూ మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "ఎవరూ కట్టని చీరకు ఇంత సేవ, ఇంట్లో మనిషికి కాఫీ లేదు" అని ఏటా అనే మాటే అంటారు. ఆ మాట ముగిసేలోగా ఫోను మోగుతుంది. హిందూపురం నుంచి మా చెల్లెలు. బడిలో పిల్లల మీద అరిచి అరిచి దాని గొంతు ఫోను అక్కర్లేకుండానే వినిపించేంత పెద్దదైంది. "అక్కా, మడత మార్చినావా? నా తప్పు ఉండాదా, పోయిందా?" అంటుంది. "ఉండాదిలేమ్మే, యాడికి పోతాది?" అంటాను నేను. ఇన్నేళ్ళుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

చూడ్డానికి అది గొప్ప చీరేం కాదు. పసుపురంగు ఒళ్ళు, కుంకుమరంగు అంచు, ఇప్పుడు కాస్త నల్లబడిన జరీ. ధర్మవరం అంగళ్ళలో ఎవరికైనా చూపిస్తే ముందు మర్యాదకు బాగుందంటారు, తర్వాత అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇదేందమ్మా, చెయ్యి మారింది" అని పక్కన పెడతారు. మగ్గం మీద ప్రతి మనిషి దెబ్బా వేరు. అడ్డపోగును ఒకరు గట్టిగా కొడతారు, ఒకరు మెత్తగా కొడతారు. ఒక చీరను ఒక్క చెయ్యే నేయాలి. మధ్యలో ఇంకొకరు కూర్చుంటే ఆ చోట సన్నని గీత పడుతుంది. ఈ చీరలో అలాంటి గీతలు చాలానే ఉన్నాయి. కళ్ళు మూసుకుని నిమిరినా ఎక్కడ ఎవరు కూర్చుని నేశారో చెప్పగలను.

ధర్మవరంలో మా ఇల్లంటే మగ్గమే. మగ్గం, నేసేవాళ్ళు దిగి కూర్చునే దాని గుంత పోగా మిగిలిన చోట మేం అయిదుగురం సర్దుకునేవాళ్ళం: నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను, నాకంటే ఆరేళ్ళు చిన్నదైన చెల్లెలు. మా నాయన మాటల పొదుపరి. ఊరికి పోదాం రమ్మంటే బయలుదేరడమే, ఏ ఊరికో బస్సు బోర్డు చూసి తెలుసుకోవలసిందే. ముఖ్యంగా మనసులో అనుకున్నది నోటితో చెబితే జరగదని ఆయనకు గట్టి నమ్మకం. "మీ నాయన పెండ్లికి ఒప్పుకున్యాడని మాకు తెలిసింది తాళి కట్టినంకనే" అని అవ్వ నవ్వేది. ఆ నమ్మకం ఒకనాడు మా ఇంటిమీదికే ముప్పు తెస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

తొంభైలు చివరికొచ్చిన రోజులు. నాకు పదకొండేళ్ళు. చెల్లెలికి జ్వరం వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. పాలిపోయింది. ఎక్కడా పడకుండానే దాని కాళ్ళ మీద, చేతుల మీద నీలం మచ్చలు కనిపించేవి. నేను గిల్లుతున్నానని అవ్వ అనుమానపడి ఒకరోజు నా వీపు మీద రెండు వేసింది. నేను గిల్లలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. హిందూపురంలో మా పెద్దమ్మ వాళ్ళింటికి తీసుకుపోయి అక్కడి డాక్టరుకు చూపిస్తే, ఆయన రక్తం పరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడట. తర్వాత బెంగళూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అది బ్లడ్ క్యాన్సర్. ఆ మాట మా వీధిలో అందరూ సినిమాల్లోనే విన్నారు, సినిమాల్లో ఆ జబ్బు వచ్చినవాళ్ళెవరూ చివరిదాకా బతికింది లేదు. అవ్వకు మాత్రం "రక్తంలో పురుగు" అని చెప్పారు. అవ్వ ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తను కొట్టిన చోట వీపు నిమురుతూ కూర్చుంది. ఆ చెయ్యి బరువు నాకింకా తెలుసు.

బెంగళూరుకు బయలుదేరే ముందురోజు నాయన మగ్గం గుంతలో కూర్చున్నాడు. మగ్గం మీద, పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారు ఇచ్చిన వార్పు ఉంది. వార్పు అంటే నిలువుపోగుల చుట్ట. ఒక్కో వార్పుకు మూడు చీరలు దిగుతాయి. రెండు దిగిపోయాయి, మూడోది అప్పుడే మొదలైంది. నాయన ఒక దారం పసుపునీళ్ళలో తడిపి మగ్గం గుంజకు కట్టాడు, కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు, జానెడు నేసి లేచాడు. ఆ మూడో చీర తన చేత్తోనే పూర్తి చేసి మా నేతగాళ్ళ అమ్మవారు చౌడమ్మ తల్లికి కట్టబెడతానని, బిడ్డను ఉంచమని మొక్కుకున్నాడట. షావుకారుకు కూలిలో పట్టుకోమని తర్వాత చెప్పుకోవచ్చులే అనుకున్నాడు. అమ్మకు చెప్పలేదు, అవ్వకు చెప్పలేదు. మేమూ ఆ దారం ఏమిటని అడగలేదు.

అమ్మ, నాయన, చెల్లెలు వెళ్ళిపోయారు. మొదటి నెలంతా ఆసుపత్రిలోనే, తర్వాత ఒక వారం హిందూపురంలో పెద్దమ్మ ఇల్లు, ఒక వారం బెంగళూరు. నాకు బడి ఉందని అవ్వతో ధర్మవరంలో ఉంచారు. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నాకు నిద్ర కూడా సరిగా పట్టేది కాదు. ఆ చప్పుడు లేకపోవడం వీధికీ నచ్చలేదు. ఒక ఉదయం పక్కింటి చిన్నాయన వచ్చాడు. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఒకే గోడకు అటూ ఇటూ పుట్టినందువల్ల చిన్నాయన.

"మగ్గం ఇట్ల మూగగా పడుండేది ఇంటికి మంచిది కాదు పెద్దమ్మా. ఎలుకలు గూడా రేషం పోగులు కొరుకుతాండాయి. మేమే తలా ఇంత నేసి దించేస్తాం. పాపం, అన్నకు ఒక భారం తగ్గుతాది" అన్నాడు అవ్వతో. తర్వాత గుంజకున్న దారం చూసి నన్నడిగాడు. "ఈ దారమేంది పాపా?"

"దిష్టికి" అన్నాను నేను. నాకు తెలియదు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ పదకొండేళ్ళ పిల్లకు తెలియదని చెప్పడం ఎంత కష్టమో మీకూ తెలుసు.

చిన్నాయన పొద్దున నేసేవాడు. మధ్యాహ్నం ఎదురింటి ప్రార్థన మామ. ఆయన ఆదివారం చర్చిలో పాటలెత్తుకునే మనిషి, మగ్గం మీదా గొంతు ఆగేది కాదు, అందుకే మా వీధికంతా ప్రార్థన మామ. సాయంత్రాలు చివరింటి తాత వచ్చేవాడు. ఆయన చెయ్యి అప్పటికే వణికేది, సొంత మగ్గం ఎప్పుడో మానుకున్నాడు. అయినా "నేను గూడా నాలుగు పోగులు వేస్తాలే" అని కర్ర మూలకు ఆనించి గుంతలో దిగేవాడు. నేను బడి నుంచి వచ్చి వాళ్ళకు అడ్డపోగు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. చీర దిగింది. అందరూ కలిసి దాన్ని షావుకారు అంగడికి మోసుకుపోయి, ముగ్గురి చేతులు పడ్డాయని దాచకుండా చెప్పారు. పిల్ల కోసమని ఆయన పేచీ పెట్టకుండా తీసుకున్నాడు. కూలి తెచ్చి అవ్వ చేతిలో పెట్టారు. నేను మాత్రం నాయన ఎప్పుడొస్తాడా, ఈ మాట ముందు నేనే ఎప్పుడు చెబుదునా అని కాచుకుని ఉన్నాను.

దాదాపు రెండు నెలలకు, అమ్మనూ చెల్లెలినీ హిందూపురంలో ఉంచి, నాయన ఒక్కడే వచ్చాడు. గెడ్డం పెరిగి, చెప్పుల్లేకుండా. సంచి దించకముందే ఎదురుపోయి, "నాయనా, చీర దిగిపాయె! కండెలన్నీ నేనే చుట్టినా" అన్నాను. ఆయన లోపలికి వచ్చి మగ్గం వైపు చూశాడు. చీర ఉండవలసిన చోట ఏమీ లేదు, కోయగా మిగిలిన వార్పు కొసలు వేలాడుతున్నాయి. గుంజకు దారం లేదు. చిన్నాయన దాన్ని భద్రంగా విప్పి దేవుడి పటానికి కట్టాడు. నాయన సంచి దించి, నా తల మీద చెయ్యి వేసి, షావుకారు అంగడికి వెళ్ళాడు. ఆ చీరను ఎవరో పెళ్ళివారు కొనుక్కుపోయారు. ఏ ఊరివాళ్ళో షావుకారుకు గుర్తులేదు.

నాయన తిరిగొచ్చి రెండురోజులు అన్నం సరిగా తినలేదు. అవ్వ అడిగితే పిల్ల మనేద అన్నాడు. మూడోరోజు వీధి చివర టెలిఫోన్ బూత్‌కు హిందూపురం నుంచి పెద్దమ్మ ఫోను చేసింది. చెల్లెలికి జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది, కౌంటు బాగా పడిపోయింది, బెంగళూరుకు తీసుకుపోతున్నారు. ఈ "కౌంటు" అన్న మాట అప్పటికి మా ఇంట్లో ఉప్పు, పప్పు లాంటి మాటైపోయింది. రక్తంలో తెల్లకణాల లెక్క అది. పడిపోతే చిన్న జ్వరమైనా ప్రాణాల మీదికి రావచ్చని బెంగళూరు ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. నాయన బూత్ నుంచి వచ్చి మా గడపలో కూలబడిపోయాడు. అప్పుడు, జీవితంలో మొదటిసారి, ఆయన నోరు తెరిచాడు.

"అది అమ్మవారి చీరమ్మా. నా చేత్తో నేసిస్తానని మొక్కుకుంటి. నోటితో అనకూడదని యెవురికీ చెప్పకపోతి. ఇప్పుడు చీర ల్యా, బిడ్డ గూడా..." అని ఆపేశాడు. నాయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకు ఏడవడం రాదు కూడా, దగ్గొచ్చిన మనిషి లాగా ఏడ్చాడు. పక్కింటి చిన్నాయన గోడ పక్క నుంచే అంతా విన్నాడు. వచ్చి నాయన కాళ్ళ దగ్గర కూర్చుని, "నేను చెడగొడితినే అన్నా" అని తలమీద చేతులు పెట్టుకున్నాడు. ప్రార్థన మామా వచ్చాడు, తాతా వచ్చాడు. నేను మగ్గం గుంతలోకి దిగి దాక్కున్నాను. దిష్టికని చెప్పింది నేను. చెల్లెలికి ఏమన్నా అయితే అది నా వల్లనే అవుతుంది. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు.

అవ్వ మాత్రం ఏడవలేదు. కొంగు నడుముకు చుట్టుకుని గడపలో నిలబడి, అందరినీ ఒకసారి చూసింది.

"ఏమప్పా, అమ్మవారు కట్టుకోనీకి చీర ల్యాక కూర్చోనుండాదా? ఆ చీర యాడికి పోయిందంటివి? పెండ్లోళ్ళింటికి. యెవురో ఒక ఆడబిడ్డ దాన్ని కట్టుకోని పీటల మీద కూర్చోనుంటాది. ఆ బిడ్డ ఒంటిమీద అమ్మవారు ల్యాదని నీకెవురు చెప్పినారు? ముగ్గురు మొగోళ్ళు వాళ్ళ పని ఇడిసిపెట్టి మన బిడ్డ కోసరం నేసినారే, అది చూసి ఆయమ్మ కోపం చేసుకుంటాదా? అట్ల కోపం చేసుకునే అమ్మవారైతే నేనే ఇంగ ఆ గుడికి పోను" అంది.

ఆ చివరి మాటకు చిన్నాయన ఉలిక్కిపడి చెంపలు వేసుకున్నాడు. అవ్వ మరుసటి ఉదయం నాయనను బెంగళూరు బండెక్కించే ముందు అందరినీ గుడికి నడిపించింది. తప్పు చేశాననుకున్న ప్రతివాడూ అమ్మవారి ముందు నిలబడి తన నోటితో ఒప్పుకోవాలని అవ్వ తీర్పు. ప్రార్థన మామకు ఇరకాటం. "నేను లోపలికి రాను పెద్దమ్మా, మా పాస్టరుకు తెలిస్తే బాగుండదు. గడప బయట నిలబడి ఒప్పుకుంటా" అన్నాడు. "ఆయమ్మకేమన్నా చెవుడా, ఆన్నుంచే చెప్పు" అంది అవ్వ. ఆయన చెప్పులు విడిచి బయట నిలబడి, తనకు తెలిసిన భాషలో ప్రార్థన చేశాడు. నేను ఒక్కదాన్నే ఏమీ ఒప్పుకోలేదు, అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

ఆ మర్నాడు అవ్వా నేనూ ప్యాసింజరు బండిలో బెంగళూరుకు బయలుదేరాం. పెనుకొండలో దర్గా ఉంది. అవ్వ ఆ దారిన పోయిన ప్రతిసారీ కిటికీలోంచే దండం పెట్టేది. ఈసారి దిగుదాం అంది. దర్గాలో చక్కెర మీద ఫాతిహా చదివించి, కళ్ళు మూసుకుని పైకే మొక్కుకుంది. "సామీ, కౌంటు పెంచు. ఇంగేమీ అడగను, కౌంటు పెంచు." చౌడమ్మకూ ఇదే మాట, ప్రార్థన మామతో చేయించిన ప్రార్థనలోనూ ఇదే మాట. దేవుళ్ళందరికీ ఆ ఇంగ్లీషు మాట అర్థమైతే చాలని నేను భయపడ్డాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక, ఇంక దాచలేక చెప్పేశాను. "అవ్వా, దారం దిష్టికని చెప్పింది నేనే."

అవ్వ నా వైపు చూసింది. రెండు వేస్తుందనుకుని వీపు బిగించాను. ఆమె చక్కెర పొట్లం విప్పి ఒక చిటికెడు నా నోట్లో వేసింది. "సరే, దిష్టికనే అనుకో. దిష్టి పోతాది పో. ముందు నువ్వు కడుపుకు తిను, నిన్నటి నుంచి చూస్తాండా" అంది. అంత పెద్ద నేరం అంత చిన్న చిటికెడు చక్కెరతో కరిగిపోవడం నాకు నమ్మశక్యం కాలేదు. వచ్చే బండికోసం స్టేషన్లో కూర్చున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను, తింటూనే ఉన్నాను.

ఆసుపత్రిలో చెల్లెలిని చూసి గుర్తుపట్టలేకపోయాను. తల మీద వెంట్రుక లేదు, ముఖం ఉబ్బింది. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న అవ్వ దాన్ని చూసి మొదటిసారి బావురుమంది. మా చెల్లెలు నర్సుల దగ్గర కన్నడం నేర్చేసుకుంది. సూదిమందు వేసేటప్పుడు వాళ్ళు తనతో అనే మాటనే అవ్వతో అంది. "అళబేడ అవ్వా, అళబేడ." ఏడవొద్దని. అవ్వ ఏడుస్తూనే నవ్వింది. ఇంకో నాలుగురోజులకు జ్వరం దిగింది. ఒక ఉదయం డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చి కౌంటు పెరుగుతోందని చెప్పింది. నాయన ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాడు. అప్పుడే నేను నాయనకూ దారం సంగతి చెప్పాను. "తప్పు నాది పాపా. ఒక్కరితో నోరు తెరిచి చెప్పింటే సరిపోయుండె" అన్నాడు. ఆనాటి నుంచి మా నాయన మారిపోయాడు. బస్సు కండక్టరుకు, టీ కొట్టువాడికి, రైల్లో పక్క సీటువాళ్ళకు, కనిపించిన ప్రతివాళ్ళకూ కూతురి కౌంటు చెప్పేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

వైద్యం రెండున్నరేళ్ళు సాగింది. అమ్మ ప్రతి ఏడాది క్యాలెండరు మీద పెన్సిలుతో గుర్తులు పెట్టేది: ఈరోజు సూదిమందు, ఈరోజు రక్తపరీక్ష, ఇంకెన్ని వారాలు. అందరం లెక్కలతోనే బతికాం. ఆ చివరి ఏడాదిలో నాయన సొంత డబ్బుతో పట్టు రేషం తెచ్చి కొత్త చీర మొదలుపెట్టాడు. ఈసారి వీధి వీధంతా చెప్పి మొదలుపెట్టాడు. పాత వార్పు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. ఆ పని అమ్మా, చిన్నాయన భార్య చిన్నమ్మా, ప్రార్థన మామ భార్యా కూర్చుని చేశారు. చౌడమ్మకు మొదట ఒక్క చేత్తో నేస్తానన్న మనిషి, ఇప్పుడు నలుగురి చేతుల్తో నేయిస్తానని మొక్కు మార్చుకున్నాడు. నాయన ఒక మూర, చిన్నాయన ఒక మూర, ప్రార్థన మామ పాటతో ఒక మూర. తాత చెయ్యి ఇంకా వణుకుతోంది. ఆయన నేసిన చోట చీర నీటిమీద అలలాగా ఉంటుంది. తాత లేవగానే చెల్లెలు గుంతలోకి దిగింది. అప్పటికి దానికి ఏడో ఏడు, తల మీద చిన్న చిన్న వెంట్రుకలు. తాడు లాగింది, అడ్డపోగును మోసే నాడె సగం దూరం పోయి ఆగింది, పోగులు చిక్కుపడి బొటనవేలంత తప్పు పడింది. ఏ నేతగాడైనా దాన్ని విప్పి మళ్ళీ నేస్తాడు. నాయన దాని మీదుగా తర్వాతి పోగు కొట్టేశాడు. "ఉండనీ, ఆయమ్మకు యెవురిదో తెలియద్దా" అన్నాడు.

"ఇంక మాత్రలు అక్కర్లేదు, పరీక్షలకు మాత్రం వస్తూ ఉండండి" అని డాక్టరమ్మ చెప్పినరోజు అవ్వ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. బతికించింది మందులా, మొక్కులా అని తర్వాత మమ్మల్ని చాలామంది అడిగారు. అవ్వను అడిగితే, "డాక్టరమ్మవీ చేతులే కదప్పా, అవీ కలుపుకో" అనేది. అంతకంటే బాగా చెప్పడం నాకూ రాదు. ఆ తర్వాతి శుక్రవారం చీర అమ్మవారికి కట్టారు. ప్రార్థన మామ యథాప్రకారం గడప బయటే నిలబడ్డాడు, కాకపోతే ఈసారి మెడ చాచి లోపలికి చూశాడు. వారం తర్వాత పూజారి ఆ చీరను ప్రసాదంగా చెల్లెలి చేతుల్లోనే పెట్టాడు. మడతలు మార్చి దాన్ని కాపాడే పని అప్పటి నుంచే నాది. చెల్లెలు తన పెళ్ళికి ఒక్కసారి, తలంబ్రాలు అయ్యేదాకా కట్టుకుంది. ఆరోజు నాకు ఆ మొదటి చీర గుర్తొచ్చింది. ఏ ఊళ్ళోనో పీటల మీద కూర్చున్న ఆ తెలియని ఆడబిడ్డ గుర్తొచ్చింది. ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలని నేనూ పైకే మొక్కుకున్నాను, నోరు తెరవడం నేర్చుకున్న నాయన కూతుర్ని కదా.

అవ్వ లేదు, తాత లేడు. నాయనకు ఇప్పుడు చూపు ఆనదు, కానీ చీర ఒళ్ళో పెడితే నిమిరి గీత గీతకూ పేరు చెబుతాడు. మొన్న చీర మడిచేటప్పుడు మా ఆయన అడిగారు, "ఇప్పటికి ఎన్నిసార్లు మడత మార్చి ఉంటావు?" అని. ఆలోచించాను. వేళ్ళు ముడిచి చూశాను. చెల్లెలిని ఫోనులో అడిగితే దానికీ తెలియదు, అమ్మను అడిగితే ఆమెకూ గుర్తులేదు. పెన్సిలు పట్టుకుని వారాలు లెక్కపెట్టిన మా అమ్మకే గుర్తులేదు! చీరను బీరువాలో పెట్టి తలుపు వేశాను. లెక్క మరిచిపోయేంత కాలం దొరికింది మాకు.